ఎనిమిదో గడి

జగ్గయ్యపేట దగ్గర, మన పాలెం
4-2-1957

అమ్మాయి జయమణికి నీ మేనమామ ఏసురత్నం దీవెనలు.

ఏమమ్మా, నీకు మనుషులంటే భయమా, దేవుడంటే భయమా? ముందు ఆ సంగతి తేల్చు. మిగతా మాటలు తర్వాత.

నీ కార్డు నిన్న అందింది. పేట సంతలో వాక్యం చెప్పి దిగేసరికి పోస్టుమాను చేతిలో పెట్టాడు. నిలబడ్డచోటే చదివి తల పట్టుకున్నాను. "మన పాలెం వద్దు మామయ్యా, వేరే ఊరు ఎంచుకుంటాను. మనవాళ్ళు నోరు విప్పరు, ఊళ్ళోవాళ్ళు ఊరుకోరు" అని రాస్తావా? ఓడెక్కి సముద్రం దాటి, ముక్కూ మొహం తెలియని జపాను రైతుల ఇంట్లో ఆరు నెలలు ఉండి వచ్చినదానివి. అక్కడ వెయ్యని భయం నువ్వు పుట్టిన సందులో అడుగుపెట్టడానికి వేస్తుందా? నీనెవెకు పొమ్మంటే ఇంకో ఊరి ఓడ ఎక్కినవాణ్ణి దేవుడు ఏం చేశాడో చిన్నప్పుడు నీకు నేనే చెప్పాను. చేప కడుపు చీకటిగా ఉంటుందని నువ్వు ఏడ్చావు కూడా.

నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. మీలాగా పరాయి దేశం వెళ్ళి వచ్చిన పద్దెనిమిది మందిని సర్కారు వారు నందిగామలో కూర్చోబెట్టి మూడు నెలలు తర్ఫీదు ఇస్తున్నారు. అది కాగానే ఒక్కొక్కరు ఒక్కో ఊళ్ళో జనాన్ని కూడగట్టి ఒక్కో సేవాపని నడిపించాలి. అందుకు ముందు ఇంటింటికీ తిరిగి రోగాలెన్ని, మనుషులెందరు అని అచ్చు కాగితం మీద రాసుకోవాలి. అంతేనా? ఇందులో వణకాల్సింది ఏముంది?

పోయిన ఏడు మీ అత్తయ్య రత్నమణి కాలికి నారికురుపు లేచినప్పుడు నువ్వు ఇక్కడ లేవు. ఆ పురుగు కొసను పుల్లకు చుట్టి రోజుకు వేలెడంత లాగుతూ పంతొమ్మిది రోజులు మంచం మీద ఉంది. తెగితే కాలు పోతుందన్నారు. పాలెంలో గడపకొకరు ఎప్పుడో ఒకప్పుడు ఇలా పడ్డవాళ్ళే. అది రాసుకోవడానికి నా మేనకోడలు కాక ఇంకెవరు రావాలి?

ఆదివారం ఆరాధనలో నేనే చెబుతాను: జయమణి వచ్చి ఏది అడిగితే అది దాచకుండా చెప్పండి, దాచినవాడు దేవుడితో అబద్ధమాడి పడి చచ్చిన అననీయ సప్పీరాల దారి పడతాడు అని. గొడ్లు కాస్తూ ఇసుకలో అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. నాకు వ్యాకరణం రాదు కానీ అరవడం వచ్చు. మన పాలెం నా మాట కాదనదు.

రా. పెన్నులో సిరా నింపుకుని రా.

ఏసురత్నం


నందిగామ
27-2-1957

మామయ్య గారికి వందనాలు.

మీరు అరిచారు, వాళ్ళు చెప్పారు. నలభై మూడు ఇళ్ళు రెండు రోజుల్లో పూర్తయ్యాయి. ఇక్కడ మిగతావాళ్ళంతా వారం పట్టిందని అంటున్నారు. నా కాగితం చూసి ఆఫీసరు గారు "ఒక్క గడి కూడా ఖాళీ లేదే! మంత్రం వేశావా?" అన్నారు. మా మామయ్య వేశారండీ అన్నాను.

ఇక్కడ బాగానే ఉంది. పొద్దున మీటింగు ఎలా నడపాలి, గొడవ పడే ఇద్దరిని ఒక పనిలో ఎలా పెట్టాలి, మరుగుదొడ్డికి సిమెంటు పలక ఎలా పొయ్యాలి అని నేర్పుతారు. సాయంత్రం మేమే ఒకరికొకరం పాఠం చెప్పాలి. నా గదిలో వీరులపాడు నుంచి వచ్చిన భారతీదేవి ఉంటుంది. జపానులో కూడా మేమిద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం. అక్కడ సాయంత్రం ఒక పెద్ద చెక్క తొట్టిలో వేణ్ణీళ్ళు పోసి ఇంట్లో అందరూ ఒకరి తర్వాత ఒకరు అవే నీళ్ళలో దిగుతారు. అతిథి మొదట దిగాలి. నేను వద్దన్నా వినలేదు. నేను దిగిన నీళ్ళలో భారతీదేవి దిగింది, ఆమె తర్వాత ఆ ఇంటి తాతగారు దిగారు. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు, ఏదో తప్పు చేసినట్టు. మొన్న భారతీదేవి నా కూజాలోంచి నీళ్ళు వంపుకుంటూ, "అక్కడ నువ్వు స్నానం చేసిన నీళ్ళలో మునిగాను, ఇక్కడ నీ కూజా ముట్టుకుంటే మా అమ్మ గుండె ఆగిపోతుందే" అని నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఆ కూజా కడగాలో వద్దో నాకే తెలియలేదు.

డాక్టరు గారు వచ్చి నారికురుపు సంగతి చెప్పారు. కురుపు ఉన్నవాళ్ళు దిగుడు బావిలో కాలు పెడితే పురుగు నీళ్ళలో పిల్లలు పెడుతుందట. ఆ నీళ్ళు తాగినవాళ్ళకు ఏడాది తిరిగేసరికి కాలు చీల్చుకుని బయటికి వస్తుందట. ఈ ఏడు తాగిన నీళ్ళు పై ఏడు బయటపడతాయి మామయ్యా. మన దిగుడు బావే మనల్ని తింటోంది. గిలక వేసి పైనుంచి తోడుకునే బావిలో ఆ పురుగు పెరగదట.

అందుకే నాకు ఎనిమిదో గడి చూసి సంతోషం వేసింది. "తాగే నీళ్ళు ఎక్కడివి" అని ఉంటుంది అందులో. నేను బోర్డింగులో ఉండి చదువుకున్నదాన్ని కనుక నాకు తెలియలేదు. అడిగితే ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆఖరుకు బేబి అంది: "దేవుడి ముందు అబద్ధం వద్దన్నాడు గదా మీ మామ. రాసుకో. ఊళ్ళో గిలక బావి. రెండేళ్ళ నుంచి." నలభై మూడు ఇళ్ళలో ముప్పై ఒకటి అదే చెప్పాయి. ఆ ఇళ్ళలో ఈ ఏడు కురుపులు దాదాపు లేవు! ఎలా తెచ్చుకుంటున్నారని అడిగితే మాత్రం నవ్వి ఊరుకున్నారు.

ఏప్రిల్ 5, శుక్రవారం ముగింపు సభ. అన్ని ఊళ్ళ ప్రెసిడెంట్లనూ పిలుస్తున్నారు. ఒక్కొక్కరం లేచి మన ఊరి కాగితం గడి గడీ పైకి చదవాలి. మన ప్రెసిడెంటు వీరరాఘవయ్య గారు కూడా వస్తారట. మీరు, అత్తయ్య తప్పకుండా రండి.

జయమణి


మన పాలెం
3-3-1957

జయమణీ,

ఆ కాగితం ఎక్కడుంది?

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీ అత్తయ్య "ఏమయింది, మొహం అట్టా పెట్టావు" అంటే ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. నువ్వు రోగాల సంగతే అడుగుతావనుకున్నాను. నీళ్ళ సంగతి అడుగుతావని నాకు తెలియదు. నువ్వు రాయలేదు, నేను అడగలేదు. ప్రవక్తలాగా లేచి నిలబడి అందరినీ నిజం చెప్పమన్నాను. నా నోరు కాలిపోను.

విను. ఎవరితోనూ అనకు. మిట్టమధ్యాహ్నం ఊరంతా అన్నాలు తిని కునుకు తీసే వేళ మనవాళ్ళు ఇద్దరిద్దరుగా బిందెలు తీసుకుని వెళతారు. ఆ బావి పక్క ఇల్లు వీరరాఘవయ్య గారి వదిన బసవమ్మ గారిది. భర్త పోయినావిడ. ఆవిడ అరుగు మీద చేటతో జొన్నలు చెరుగుతూ కూర్చుంటుంది. చెరుగుతున్నంతసేపూ రావచ్చు. ఎవరైనా వస్తుంటే చేట బోర్లిస్తుంది. మనవాళ్ళు అక్కడినుంచే వెనక్కి తిరుగుతారు. రెండేళ్ళుగా ఇంతే. ఒక్క మాట ఉండదు. రెండేళ్ళ కింద దిగుడు బావి మెట్ల మీద మీ అత్తయ్య నారికాలు ఈడ్చుకుంటూ ఎక్కడం ఆవిడ చూసిందట. మర్నాడు చేట పట్టుకుని కూర్చుంది. అంతే. అయినా మీ అత్తయ్యకు అంతకుముందే పురుగు పట్టింది కనుక పోయిన ఏడు మళ్ళీ లేచింది.

ఇప్పుడు నువ్వు ఆ గడి ఆయన ముందు చదువుతావు. ఆవిడ పేరు కాగితంలో లేకపోయినా, ఆ బావి దగ్గర కూర్చునేది ఎవరో తెలియనివాడు ఊళ్ళో లేడు. అవతల ఊళ్ళో ఏం జరిగిందో ఎరుగుదువా? ఒక ముసలమ్మ చెయ్యి బావి గిలకకు తగిలిందని నెల రోజులు ఆ ఊరి పాలెం మొత్తాన్ని ఎవరి చేలోకీ రానివ్వలేదు. మిరప కోతల్లో! పిల్లలు చింతచిగురు ఉడకబెట్టుకు తిన్నారు. అంటరానితనం నేరమని చట్టం వచ్చి రెండేళ్ళయిందంటావు. చట్టం నందిగామలో ఉంటుంది తల్లీ. మేము ఇక్కడ ఉంటాం.

ఆ ఎనిమిదో గడి కొట్టెయ్యి. కాగితం చించెయ్యి. "సొంత బావి" అని రాసెయ్యి. నేను చెబుతున్నాను, పాపం నా మీద వేసుకుంటాను.

ఏసురత్నం

ఈ ఉత్తరం చదివి పొయ్యిలో వెయ్యి.


నందిగామ
8-3-1957

మామయ్య గారికి,

మీరు రాసిందేనా అని చేతిరాత చూశాను. మీదే.

కాగితం నా దగ్గర లేదు. ఆఫీసులో గుమస్తా గారి బీరువాలో ఉంది. ఉన్నా చించను. ఒక్కో ఇంటి ముందు కూర్చుని, మా మామయ్య చెప్పమన్నాడు అని చెప్పి రాసుకున్నదాన్ని. మీ మాట నమ్మి చెప్పిన మనుషుల మాట మీరే కొట్టెయ్యమంటే నేను ఎవరిని అడగాలి?

ఇంకో సంగతి. ఇక్కడ లెక్క ఏమిటంటే, ఏ ఊళ్ళో జనం ఏ బావి నీళ్ళు తాగుతున్నారని కాగితంలో ఉంటే ఆ బావినే బాగుచేసి, అందరిదీ అని బోర్డు పెడతారు. ఆ బావిని ఇరవై ఏళ్ళ కిందట జిల్లా బోర్డు డబ్బుతోనే తవ్వించారట, ఆఫీసు పుస్తకంలో చూశాను. అది ఎవరి పెరటి బావీ కాదు. నిజం ఉంటే మనవాళ్ళు దొంగల్లా వెళ్ళక్కర్లేకుండా పోతుంది. దిగుడు బావి అని రాస్తే దిగుడు బావినే బాగుచేస్తారు.

మీరు నన్ను మనుషులంటే భయమా అని అడిగారు. ఇంకా నెల రోజులే అయింది.

నాకూ భయంగానే ఉంది. అరవకండి, ఈసారి నాకు ధైర్యం చెప్పండి.

జయమణి


మన పాలెం
19-3-1957

జయమణీ,

ధైర్యం చెప్పమన్నావు. గ్రంథం తెరిచాను. గిద్యోను శత్రువులకు కనబడకుండా ద్రాక్షగానుగ చాటున గోధుమలు దుళ్ళగొట్టిన పుట వచ్చింది. మూసేశాను.

పోయిన వారం సోమవారం వీరరాఘవయ్య గారు పొగాకు ఆరబెట్టే బారెను దగ్గర నన్ను పిలిచారు. సభకు పిలుపు ఆయనకు అందింది.

"ఏమయ్యా ఏసురత్నం, మీ పిల్ల నందిగామలో మన ఊరి గురించి చదువుతుందంటగా. ఏం చదువుద్ది?"

"రోగాల సంగతి అనుకుంటానండి."

"రోగాలేనా? లేక మన పరువు కూడానా?" అని నవ్వారు. చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను, జయమణీ. పళ్ళు బయటపెట్టి నవ్వాను. తర్వాత ఆయన నవ్వు ఆపి, "చూస్కో మరి. మిరప తొడిమలు తియ్యడానికి మనుషులు పేట నుంచి కూడా దొరుకుతారు" అన్నారు. గట్టిగా కూడా అనలేదు.

పాలెంలో ఆ మాట పొద్దుగూకేలోపు తిరిగింది. బేబి మొగుడు ఆమెను కొట్టాడు, నువ్వెందుకు చెప్పావని. ఆడవాళ్ళు బావికి పోవడం మానేశారు. బసవమ్మ గారు అరుగు మీద చేట పెట్టుకుని కూర్చునే ఉంటుందట. ఎవరూ పోవడం లేదు. అందరూ మళ్ళీ దిగుడు బావిలో దిగుతున్నారు. మా ఇంట్లో కూడా అవే నీళ్ళు. మీ అత్తయ్య పైట కొంగు మడతపెట్టి వడగట్టి పోస్తోంది, తాగేటప్పుడు నా వంక చూడదు.

ఇక నేను చేసిన పని చెబుతాను. ఆదివారం జనం నా ముందు కూర్చున్నారు. వాళ్ళ మొహాలు చూడలేక, "భయపడకండి, జయమణి ఆ కాగితం చించేసింది, నాకు ఉత్తరం రాసింది" అని చెప్పాను. గ్రంథం చేతిలో పట్టుకునే చెప్పాను. పేతురు చలిమంట దగ్గర ప్రభువును ఎరగను ఎరగను అన్నాడు. ఆయనకు కోడి అయినా కూసింది. నాకు అదీ కూయలేదు. అందరూ హమ్మయ్య అని ఆమేన్ అన్నారు.

నా అబద్ధాన్ని నిజం చెయ్యి తల్లీ. ఇంతకంటే అడగలేను. నీ తల్లి పోయినప్పుడు నిన్ను ఈ చేతుల మీద తెచ్చుకున్నాను. ఆ చేతులే ఇప్పుడు జోడిస్తున్నాను.

ఏసురత్నం


నందిగామ
28-3-1957

మామయ్యా,

మీరు అడిగింది చేసేశాను. మీ ఉత్తరం వచ్చాక కాదు. అంతకుముందే.

మీకు చించనని కోపంగా రాశానే, ఆ ఉత్తరం పోస్టు చేసి తిరిగి వస్తూ దారిలో రెండుసార్లు ఆగాను. బేబి కనబడింది కళ్ళముందు. మర్నాడు భోజనాల వేళ గుమస్తా గారు ఇంటికి వెళ్ళారు. సరిచేయాల్సిన తప్పుందని చెప్పి బంట్రోతు దగ్గర బీరువా తాళం తీసుకున్నాను. అసలు కాగితం తీసేసి, ఇంకో అచ్చు కాగితం మీద అన్ని గళ్ళూ అలాగే నింపి, ఎనిమిదో గడిలో నలభై మూడు ఇళ్ళకూ "సొంత దిగుడు బావి" అని రాసి పెట్టాను. నా చేతిరాత కదా, ఎవరూ గుర్తుపట్టలేదు. భారతీదేవి ఒక్కతే గుమ్మంలో నిలబడి చూసింది. ఆ రోజు నుంచి నా కూజాలో నీళ్ళు వంపుకోవడం లేదు. కులం వల్ల కాదు, నాకు తెలుసు.

మీకు ధైర్యవంతురాలిలా కనబడాలని చెప్పకుండా దాచాను. నాకూ అదే భయం ఉండి మీ భయాన్ని దెప్పాను, అంత నీచం.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న వీరరాఘవయ్య గారు వేరే పని మీద ఆఫీసుకు వచ్చారు. ఆఫీసరు గారు నన్ను పిలిచి ఆయన ముందే కాగితం తీశారు. "చూశారా, మీ పాలెం వాళ్ళు అందరూ సొంత బావి నీళ్ళే తాగుతున్నారు. ఏ తగువూ లేని ఊరు" అన్నారు. వీరరాఘవయ్య గారు మీసం సవరించుకుని, "మా వాళ్ళు బుద్ధిమంతులండి. ఎక్కడివాళ్ళు అక్కడ ఉంటారు" అన్నారు. నా వంక చూసి మెచ్చుకోలుగా తల కూడా ఊపారు.

ఆ తర్వాత ఆఫీసరు గారు నా సేవాపని ఖాయం చేశారు. దిగుడు బావికి కొత్త రాతి మెట్లు, పట్టుకుని దిగడానికి ఇనుప కమ్మి. పాలెం అంతా శ్రమదానం చెయ్యాలి, నేను నడిపించాలి. మామయ్యా, సముద్రం దాటి వెళ్ళి, మూడు నెలలు నేర్చుకుని, మనవాళ్ళు ఇంకా సులువుగా ఆ పురుగు దగ్గరికి దిగడానికి మెట్లు కట్టించబోతున్నాను. మొదటి రాయి నా చేత వేయిస్తారట.

అసలు కాగితం నా పెట్టెలో చీరల అడుగున ఉంది. చించలేకపోయాను. సభలో దాన్ని చదవాలంటే, దొంగ కాగితం పెట్టినదాన్ని నేనేనని ఒప్పుకోవాలి. తర్ఫీదు నుంచి పంపేస్తారు. బడిలో నా పంతులమ్మ ఉద్యోగం కూడా ఉండదేమో. అది పోయినా ఫరవాలేదు. కానీ మీకు, బసవమ్మ గారికి, బేబికి ఏమవుతుందో అది నాకు తెలియడం లేదు.

మీరు చించమంటే చించుతాను. చదవమంటే చదువుతాను. ఈసారి నాకు నేనుగా ఏదీ తేల్చుకోలేకపోతున్నాను.

జయమణి


మన పాలెం
2-4-1957, మంగళవారం, పొద్దున

అమ్మా జయమణీ,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. మన పాలెం కృపారావు చేతికిచ్చి మొదటి బస్సుకు పంపుతున్నాను. నీ ముందు నిలబడితే ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వు, కానీ చదవడం ఆపకు.

నీ ఉత్తరం శనివారం అందింది. ఆదివారం లేచి నిలబడి చెప్పేశాను: "కాగితం చించిందని మీకు చెప్పిన రోజు నాకు అలాంటి ఉత్తరం రాలేదు. మీతో అబద్ధం ఆడాను." వాళ్ళు రాళ్ళు వేస్తారనుకున్నాను. కృపారావు వెనక నుంచి, "తెలుసులే పంతులూ. నిజం చెప్పేటప్పుడు నువ్వు అరుస్తావు. ఆ రోజు నీ గొంతు పిల్లి గొంతులాగుంది" అన్నాడు. జనం నవ్వారు. ఇన్నాళ్ళూ నా అబద్ధం వాళ్ళకు తెలుసు. నా భయం చూసి వాళ్ళూ భయపడ్డారు, అంతే.

నిన్న మధ్యాహ్నం బసవమ్మ గారు పాలెంలోకి వచ్చింది. ఎండలో, గొడుగు కూడా లేకుండా, నడిచి. అలాంటి మనిషి మా సందులోకి రావడం నేను పుట్టాక చూడలేదు. మీ అత్తయ్య మంచం వాల్చబోతే, "మంచాలెందుకే" అని గడప మీదే కూర్చుంది.

"ఏం ఏసురత్నం, మీ వాళ్ళు రావడంలేదు. సిగ్గా, భయమా?"

"మీ పేరు బయటికొస్తదని అమ్మగారూ..."

"నా పేరు నేను దాచుకోమన్నానా? మొన్న మా మరిదికి నేనే చెప్పా. రెండేళ్ళుగా నా కళ్ళముందే తోడుకుంటున్నారు, నేనే కాపలా ఉన్నా అని."

"ఏమన్నారమ్మా?"

"అన్నం ముందు నుంచి లేచిపోయాడు. మంచి చేపల పులుసు, పిల్లి తిన్నది." పైట కొంగుతో మొహం తుడుచుకుంది. "తర్వాత ఊళ్ళో వాళ్ళను పిలిచి, మా వదినకు ఎండదెబ్బకు మతి చెడింది అన్నాడు. పాలెం వాళ్ళు వాళ్ళ బావి నీళ్ళే తాగుతారని గవర్నమెంటు కాగితంలోనే ఉంది, నేను కళ్ళారా చూశా, ఈవిడేదో కలవరిస్తోంది అన్నాడు. అందరూ నన్ను జాలిగా చూస్తున్నారయ్యా. రేపు మంగళవారం మధ్యాహ్నం బండి కట్టి చెవిటికల్లు మా అన్న ఇంటికి పంపిస్తాడంట. పిచ్చి కుదిరేదాకా అక్కడే ఉండాలంట. పిచ్చి ఎప్పుడు కుదిరిందో తేల్చేది ఆయనే."

ఆవిడను కాపాడటానికని నేను అడుక్కున్న అబద్ధం, నువ్వు నా కోసం రాసిన అబద్ధం ఆవిడను పిచ్చిదాన్ని చేసింది జయమణీ. నిజం చెప్పిన మనిషి ఊళ్ళో ఒక్కతే. ఆవిడ నోరు మూయించడానికి మన కాగితమే గుడ్డ అయింది.

లేచి వెళుతూ ఆవిడ అంది: "నేను చెప్పాను. ఇక మీరు చెప్తారో లేదో మీ ఇష్టం. బండెక్కించేటప్పుడు ఏడవను, అది మాత్రం చెప్తున్నా."

ఆ మంగళవారం ఇవాళే.

పొద్దున్నే పాలెం అంతా కూర్చున్నాం. అందరికీ భయమే. ఎవరూ భయం లేదని అనలేదు. కూలి ఆపేస్తారని ఒకరు, కొంపలు కాలుస్తారని ఒకరు. బేబి మొగుడు లేచి వెళ్ళి బిందె తెచ్చి మధ్యలో పెట్టాడు. దాని పక్కన మీ అత్తయ్య మా బిందె పెట్టింది. తర్వాత లెక్కపెట్టలేదు. ఇస్సాకు తండ్రి తవ్వించిన బావులను పగవాళ్ళు పూడ్చినా, తను తవ్వినదానికి జగడమాడినా, ఆయన మళ్ళీ తవ్వాడు. మేము తవ్వక్కర్లేదు కూడా. ఆ బావి ఉంది. మేము పట్టపగలు నడిచి వెళితే చాలు.

పదకొండు గంటలకు బయలుదేరుతున్నాం. బండి కట్టేలోపు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, నడవగలిగినవాళ్ళంతా. ఆవిడ అరుగు ముందు నుంచే. తోడుకునేది ఊరంతా చూడాలి. అప్పుడు ఆవిడకు పిచ్చి అని ఎవడంటాడో అనమను. చూడు, నా అక్షరాలు ఎలా వంకరపోతున్నాయో. ఈ ఉత్తరం నువ్వు చదివే వేళకు మేము బావి దగ్గర ఉంటాం, లేదా దారిలో కొట్టబడి ఉంటాం. ఏదో నాకు తెలియదు.

కానీ వాళ్ళు పోలీసులను పిలిస్తే, ఆఫీసును పిలిస్తే, అక్కడ బీరువాలో ఉన్నది ఆ దొంగ కాగితం. అది ఉన్నంతసేపూ మేము ఇవాళ కొత్తగా దౌర్జన్యం చేసినవాళ్ళం అవుతాం, బసవమ్మ గారు పిచ్చిది అవుతుంది. అసలుది బయటికి వస్తే రెండేళ్ళుగా ఆ నీళ్ళు తాగుతున్న ముప్పై ఒక్క ఇళ్ళవాళ్ళం అవుతాం. దాన్ని బయటపెట్టగల చెయ్యి భూమ్మీద ఒక్కటే ఉంది. అది నీది.

నిన్ను చించమనను. సభలో చదవమని కూడా అనను. శుక్రవారానికి మూడు రోజులుంది, బండికి మూడు గంటలు కూడా లేవు. ఉద్యోగం పోతుంది, నిజమే. వస్తే ఇంటికి రా, ఉన్నది తిందాం. నేను నిన్ను తప్పుదోవ పట్టించానని, ఉత్తరాలు నావేనని ఆఫీసరు గారికి చెప్పు. పొయ్యిలో వెయ్యకపోతే అవి కూడా చూపించు. నా పేరు దాచకు.

కూర్చుని ఆలోచించకు తల్లీ. ప్రార్థన కూడా దారిలో చేసుకో. పెట్టె తెరువు. చీరల అడుగున చెయ్యి పెట్టు. ఆ కాగితం తీసుకుని నేరుగా ఆఫీసరు గారి బల్ల దగ్గరికి వెళ్ళి, ఎనిమిదో గడి మీద వేలు పెట్టి గట్టిగా చదువు. భోజనాల గంట కొట్టకముందే. ఇప్పుడే లే.

ఏసురత్నం